తెలిసిన బండి

చాంబర్ విప్పినంక
యాకూబ్ మిస్త్రీ ఏమీ అనలే.
బోల్టులన్నీ తగరపు గిన్నెల ఏసిండు.
చూపుడువేలుతోటి అడుగు గీకి
నా మొకం ముందర పట్టిండు.

ఆయిలైతే జారాలె, కారాలె.
ఇది వేలు ఇడుస్తలేదు.
మాడిన బెల్లం పాకం లెక్క,
రోహిణి ఎండల కాటేదాన్ రోడ్డు తారు లెక్క.
వాసన చూడమన్నడు.
చూసిన. కాలిన వాసన గాదు,
ఎన్నటిదో ముక్కిన వాసన.

రాత్రి రెండింటికి
కర్నూలు ఉల్లిగడ్డలు తొమ్మిది టన్నులు,
శంషాబాద్ దాటిన.
ఇంకో రెండు మైళ్లల్ల ఆరాంఘర్ అనంగ
ఇంజన్ల టక్, టక్, టక్.
రేడియో బంద్ చేసి ఇన్న.
టక్కు పెద్దగైంది. తర్వాత ఏం లేదు.
స్టీరింగు బండరాయైంది.
మిగిలిన రెండు మైళ్లు గొలుసు కట్టి గుంజుకొచ్చిన్రు.
పేరుకే అది ఆరాం.

"జాలి మొత్తం మూసుకపోయింది చూడు.
పంపు పాపం గుంజింది, గుంజింది.
ఏమొస్తది? గాలొస్తది.
బేరింగులు పోయినయ్, క్రాంకు పోయింది.
లచ్చా పదివేలు. చేసుడే అయితే."

చేతులు తుడుసుకుంట మళ్లా అన్నడు:
"పాత డ్రైవర్ ఎవడోగానీ
ఆయిల్ పైసలు మింగిండు భయ్యా.
ఒక్కపారి గాదు. ఇది ఏండ్ల పని."

నేను లారీ కింద పడ్డ మరకను చూస్తున్న.
"సేటు పిసినారోడు" అన్న.

బద్రీ సేటు పిసినారోడే.
కానీ ఆయిల్‌కు మాత్రం
పదివేల కిలోమీటర్లకోపారి
లెక్కవెట్టి చేతుల పెట్టెటోడు.
జహీరాబాద్ రోడ్డు మీద ఖాళీ బిల్లుబుక్కు
యాభై రూపాయలకు దొరికేది.
తారీకు నేనే రాసెటోన్ని,
లీటర్లు నేనే రాసెటోన్ని,
రోజుకో తీరు చేతిరాత.
నల్లటిదాంట్ల లీటరు తేటది పోసి
డిప్‌స్టిక్ తుడిచి చూపెడితే
సేటు అద్దాలు పైకి జరిపి సరే అనెటోడు.

ఆ పైసలు పిల్ల బడిఫీజైనయ్,
అండాలు కాలిపట్టీలైనయ్.
అన్నీ అంత మంచిగనే పోలే,
కొన్ని కల్లు కాంపౌండుకు నడిసినయ్.
ఆరేండ్లు.
బండికి నోరు లేదు గదా అనుకున్న.

సేటు అమ్ముతున్నడంటే
చిట్టీ ఎత్తి నేనే కొన్న.
"తెల్వని కొత్తదాని కన్న
తెలిసిన బండి నయం" అని
అండాలుకు నేనే చెప్పిన.
బుగులు లేకుంటనా? ఉండె.
మూడు నెలలకోపారి
మంచి డబ్బా కొని పోసిన,
ఇప్పటికైనా కడుపు కడుగుతదేమో అని.
కొత్తది పాతదాన్ని కడగలే,
పెల్లలు పెల్లలు ఊడదీసి
జాలికాడికి పంపింది.

మిస్త్రీ క్యాబిన్లకెక్కిండు.
"ఎర్రలైటు ఎలగలేదా రాత్రి?"
మీటర్ల పక్కపొంటి తడిమి
గోటితోటి ఏదో పీకిండు.
బొట్టుబిళ్ళ.
మెరూన్ రంగుది, ఎలిసిపోయి, అంచులు లేసి.

రాత్రిపూట ఆ లైటు
కండ్లల్ల గుచ్చుతుందని అంటించిన,
సేటు బండప్పుడే.
అండాలు ఆ రంగు పెట్టుకునుడు
మానేసే శాన ఏండ్లైంది.

తాళం తిప్పిండు.
ఇంజన్ లేవలే గానీ
గోటంత లైటు ఎలిగింది,
ఇగో నేను ఈడనే ఉన్ననన్నట్టు.

మిస్త్రీ నన్ను సూడలే.
దిగొచ్చి, ఎస్టిమేట్ కాయితం మూలకు
ఆ బిళ్ళను ఒత్తి పెట్టిండు.
అంటలే. మళ్లా ఒత్తిండు.

ఎండ ఎక్కుతుంటే
పట్టా కింది ఉల్లిగడ్డలు వాసనొస్తున్నయ్.
మలక్‌పేట అడ్తిదారు
నాలుగోపారి ఫోన్ చేస్తున్నడు.

"బిల్లు ఎవరి పేరు మీద రాయాలె?"
అడిగిండు, పెన్ను విదిలించుకుంట.

పేరు చెప్పిన.
ఇంటిపేరుతోని సహా.